ఉచితమని ఎక్కిన బండి

పాండిచేరిలో ఫ్రెంచివాళ్ళ జెండా దిగి ఏడాది కూడా కాలేదు. యానాంలో గుమాస్తాగా ఉన్న నూకరాజును అక్కడికి బదిలీ చేశారు. భార్య భ్రమరాంబనూ, ఎనిమిదేళ్ళ కూతురు నాగకుమారినీ వెంటబెట్టుకొని వచ్చి ముత్తియాల్‌పేటలో పద్మనాభన్ గారింట్లో ముందు వాటాలో దిగాడు.

పద్మనాభన్ వాళ్ళు ఏ కాలంలోనో వచ్చి స్థిరపడిపోయిన తెలుగువాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని అందులో సగం అరవం. ఆయన ఫ్రెంచి పటాలంలో పనిచేసి పింఛను పుచ్చుకుంటున్నాడు. ఆయన భార్య లోగనాయకికి యానాం తెలుగు వింటే నవ్వొచ్చేది. భ్రమరాంబకు లోగనాయకి తెలుగు వింటే నవ్వొచ్చేది. అలా నవ్వుకుంటూనే ఇద్దరూ ఒకరి వంటింట్లోకి ఒకరు చొరవగా వెళ్ళేంత దగ్గరయ్యారు.

ఒక శనివారం నూకరాజు ఆఫీసు నుంచి వస్తూనే వీధిలోంచే కేక పెట్టాడు.

"రేపు స్టేషన్లో రైల్వేవాళ్ళు ఎగ్జిబిషన్ పెడుతున్నారండీ! పాత దీపాలూ, ఇంజన్ల బొమ్మలూ, దొరలు తిరిగిన పెట్టెలూ అన్నీ చూపిస్తారంట. పైగా ఉచితం!"

"సుమ్మానే చూపిస్తారా? దుడ్లు వద్దంటారా?" అంది లోగనాయకి, నమ్మలేనట్టు.

"ఆయ్, ఒక్క పైసా అక్కర్లేదు అక్కయ్యగారూ. మీరూ రండి."

అరుగు మీద పడక్కుర్చీలో ఉన్న పద్మనాభన్‌ను కూడా పిలిచారు. ఆయన మీసం సవరించుకొని, "నేను ఫ్రాన్సులో మార్సేలు దాకా ఓడలో పోయొచ్చినోణ్ణి. నాకు రైలుబొమ్మలు చూపిస్తారా?" అని కళ్ళు మూసుకున్నాడు. ఆయన్ను వదిలేసి నలుగురూ బయల్దేరేందుకు ఏర్పాట్లు చేసుకున్నారు. ఆడవాళ్ళిద్దరూ తెల్లారకముందే లేచి పులిహోర, దద్దోజనం చేసి, వడియాలు వేయించి డబ్బాలకెత్తారు.

స్టేషన్లో జనం తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చారు. ప్లాట్‌ఫారం చివర రెండు పెట్టెలకు మామిడాకులు కట్టి నిలబెట్టారు. మొదటి పెట్టెలో అద్దాల బీరువాలో చిన్న ఇంజను గుండ్రంగా తిరుగుతోంది. ఎర్రదీపం, పచ్చదీపం, రకరకాల గంటలు, గార్డు ఊదే ఈలలు వరసగా పెట్టారు. ఒక ఈల పిల్లల కోసం దారం కట్టి వేలాడదీశారు. నాగకుమారి దాన్ని ఎంత గట్టిగా ఊదిందంటే, పక్కనే వంగి చూస్తున్న ఒక పెద్దాయన తలపాగా పట్టుకొని వెనక్కి గెంతాడు. రెండో పెట్టె ఒకప్పుడు దొరలు తిరిగిన మొదటి తరగతి. మఖమల్ పరుపులు, గోడకు అద్దం, ముఖం కడుక్కునే పింగాణీ తొట్టి.

లోగనాయకి ఆ తొట్టినే చాలాసేపు చూసింది. "రైల్లో పొయ్యేవాడికి అంత ముఖం కడుక్కోవాల్సిన పనేంది?" అంది.

బయటికి దిగేసరికి ఆమెకు కాళ్ళు పీకాయి. "యాడన్నా కూర్చుందాం తంబీ" అంది.

ఎదురుగా ప్లాట్‌ఫారానికి అవతలి అంచున ఇంకో పెట్టెల వరస నిలబడి ఉంది. నూకరాజు తలుపు పక్కనున్న అంకె చదివాడు.

"చూశారా! మొదటి తరగతి అయింది. ఇప్పుడిది మూడో తరగతి. వరస ప్రకారం పెట్టారు. పదండి, లోపల కూర్చునే చూద్దాం."

లోపల అన్నీ చెక్కబల్లలే. ఒక మూల తుండుగుడ్డ ముఖాన వేసుకొని ఒకతను నిద్రపోతున్నాడు. ఎదురుబల్ల మీద ఒక ముసలమ్మ గంపలో కోళ్ళు పెట్టుకొని కూర్చుంది.

నూకరాజు గొంతు తగ్గించి, "మూడో తరగతి ఎలా ఉంటుందో తెలియాలని మనుషుల్ని కూడా తెచ్చి కూర్చోబెట్టారు. కోళ్ళతో సహా!" అన్నాడు.

"వీళ్ళకి కూలి ఎంతిస్తారో" అంది భ్రమరాంబ, ముసలమ్మను జాలిగా చూస్తూ.

ముసలమ్మ కూడా వీళ్ళను అంతే జాలిగా చూసింది.

డబ్బాలు విప్పి ఆకులు పరిచారు. పులిహోర రెండోసారి వడ్డిస్తుండగా కూత వినిపించి, పెట్టె ఒక్క కుదుపు కుదిపి కదిలింది. లోగనాయకి చెయ్యి పట్టుకొని భ్రమరాంబ, "ఏమండీ, కదులుతోంది!" అంది.

"కదలకపోతే అది రైలెలా అవుతుంది? కాస్త దూరం తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి దింపుతారు. ఇదీ ఉచితమే" అన్నాడు నూకరాజు. అప్పటికి ఊళ్ళో ఇళ్ళు వెనక్కి పోతున్నాయి. "ఎంత బాగా నడుపుతున్నారో!" అని మెచ్చుకున్నాడు కూడా.

కాసేపటికి నల్లకోటు తొడుక్కున్న ఒకాయన వచ్చి ఎదురుగా నిలబడి, "టిక్కెట్" అన్నాడు.

నూకరాజు నవ్వాపుకోలేకపోయాడు. "భలే చేస్తున్నాడు" అన్నాడు భార్యతో. నాగకుమారి చప్పట్లు కొట్టింది.

నల్లకోటాయన చెయ్యి చాపి అలాగే ఉండిపోయాడు. ఆయన పేరు రామానుజం. రైల్లో రకరకాల జనాన్ని చూసినవాడే గాని, టిక్కెట్ అడిగితే చప్పట్లు కొట్టినవాళ్ళను చూడలేదు. "టిక్కెట్ ఎక్కడ సార్?" అన్నాడు మళ్ళీ, ఈసారి గట్టిగా.

"ఉచితం కదండీ?" అన్నాడు నూకరాజు.

"ఏది ఉచితం?"

"ఈ ఎగ్జిబిషను."

"ఎగ్జిబిషను పాండిచేరి స్టేషన్లో ఉంది. ఇది విల్లుపురం పోయే బండి."

నిద్రపోతున్నవాడు తుండుగుడ్డ తీసి లేచి కూర్చున్నాడు. అంతా అర్థమై కోళ్ళ ముసలమ్మ పడీపడీ నవ్వింది. నూకరాజు ముఖం చింతపండులా అయింది. భ్రమరాంబ కొంగు నోట్లో కుక్కుకుంది, ఏడవడానికో నవ్వడానికో ఆమెకే తెలియలేదు. చివరికి రామానుజం కూడా పళ్ళబిగువున నవ్వు అణచుకొని, టిక్కెట్లు రాసిచ్చి డబ్బు తీసుకొని, "వచ్చే స్టేషన్లో దిగండి. సాయంత్రం తిరుగుబండి ఉంది" అన్నాడు.

"వచ్చే స్టేషను ఏదండీ?"

"విల్లియనూర్."

ఆ పేరు వినగానే లోగనాయకి లేచి నిలబడింది. "విల్లియనూరా? నేను దిగను. నన్ను విల్లుపురానికే తీసకపో" అంది.

విల్లియనూర్ ఆమె పుట్టిల్లు. తమ్ముడు సుబ్బరాయన్ అక్కడ సేద్యం చేస్తాడు. పాండిచేరిని దేశంలో కలపాలని ఊరూరా గొడవలైన రోజుల్లో తమ్ముడు కూతురి చెవులు కుట్టిస్తూ పందిరికి మూడు రంగుల జెండా కట్టాడు. ఫ్రెంచి పింఛను తినేవాణ్ణి ఆ జెండా కింద భోంచేయలేనని పద్మనాభన్ విస్తరి ముందునుంచి లేచిపోయాడు. లోగనాయకి ఏ జెండానూ పట్టించుకున్న మనిషి కాదు, అయినా మొగుడి వెంట లేచొచ్చేసింది. ఆనాటినుంచి తమ్ముడి గడప తొక్కలేదు. ఇదంతా ఆమె బండి ఆగేలోపు గబగబా భ్రమరాంబ చెవిన వేసింది. అయితే రామానుజం ముందు ఆమె మాట చెల్లలేదు. నలుగురూ విల్లియనూర్‌లో దిగారు.

ఎండ మండుతోంది. ప్లాట్‌ఫారం మీద ఒకటే బల్ల. "సాయంత్రం దాకా ఈ బల్ల దిగి రాను" అంది లోగనాయకి. తెచ్చుకున్న నీళ్ళు అప్పటికే అయిపోయాయి. నాగకుమారి దాహం దాహం అంటుంటే ఆమెకే మనసు ఆగలేదు.

"అదో, ఆ కొట్టం పక్కన ఇల్లు కనపడతా ఉండాదే, ఆడికి పోయి చెంబుడు నీళ్ళు అడుక్కో పాపా. నేను పంపినానని మాత్రం చెప్పొద్దు."

నాగకుమారి పరుగెత్తింది. కాసేపటికి చెంబుతోపాటు పొడుగాటి మనిషిని కూడా వెంటబెట్టుకొని వచ్చింది. పైపంచె నేలన రాసుకుంటున్నా చూసుకోకుండా వస్తున్నాడతను. సుబ్బరాయన్!

"ఏం చెప్పినావే?" అంది లోగనాయకి.

"లోగనాయకి పెద్దమ్మ పంపలేదు అని చెప్పాను" అంది పిల్ల.

సుబ్బరాయన్ వచ్చి అక్క ముందు నిలబడ్డాడు. బల్లను చూశాడు, డబ్బాలను చూశాడు. "వచ్చినావా అక్కా" అన్నాడు చివరికి.

"నేను రాలేదురా. బండి తెచ్చింది."

"బండి మంచిదే. దానికుండే బుద్ధి మనకు లేకపాయె. లే, ఇంటికి పోదాం."

ఆమె లేవలేదు. అతను డబ్బాలన్నీ ఎత్తి చంకన పెట్టుకొని నడిచాడు. అందులో దద్దోజనం ఇంకా మిగిలే ఉంది. "నా గిన్నెలు యాడికి తీసకపోతావురా!" అంటూ ఆమె లేచి వెంటబడింది. నూకరాజు కుటుంబం ఆమె వెనకాల నడిచింది.

సుబ్బరాయన్ భార్య తిలకవతి వాకిట్లోనే వదినను కావలించుకుంది. మజ్జిగ తెచ్చింది, పీటలు వేసింది. లోగనాయకి సగం గ్లాసు తాగి తలెత్తిందో లేదో, గోడ కొక్కేనికి వేలాడుతున్న గొడుగు మీద ఆమె చూపు ఆగింది. వెదురు పిడికి నీలిదారం చుట్టి ఉంది.

"ఈ గొడుగు యాడిది?"

తిలకవతి మొగుణ్ణి చూసింది. మొగుడు దూలాలను చూశాడు.

"అడుగుతా ఉండా కదా. ఆ దారం నేను చుట్టిందే. గొడుగు సంతలో పోగొట్టుకున్నానని మీ బావ చెప్పినాడు."

"బావే మరిచిపోయి పోయినాడు అక్కా" అన్నాడు సుబ్బరాయన్, గొంతు పీలగా. "మంగళవారం మంగళవారం వస్తాడు. జెండా సంగతి మేము ఎప్పుడో మరిచిపోతిమి. నీకు చెబుదామంటే నువ్వేమంటావో అని భయం. నువ్వు చెప్పు అంటాడు ఆయన, నువ్వు చెప్పు అంటాను నేను."

"పింఛను ఆఫీసుకని చెప్పి ఈడికా వచ్చేది? కాఫీ తాగి పొయ్యేదా?"

"కాఫీ ఒకటేనా! కోడికూర కూడా" అంది తిలకవతి అమాయకంగా.

లోగనాయకి ముఖం ఎర్రబడింది. భ్రమరాంబ హడలిపోయి నూకరాజు చొక్కా పట్టుకుంది. అయితే ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. "అయితే ఇన్నాళ్ళూ ఈ గొడవను నేనొక్కదాన్నే మోస్తా ఉండానా?" అని ఆమె చీరచెంగుతో కళ్ళు తుడుచుకొని ఫక్కున నవ్వింది. తమ్ముడి వీపు మీద రెండు చరిచి, మళ్ళీ అదే చేత్తో వీపు నిమిరింది.

సాయంత్రం బండికి నూకరాజు వాళ్ళు లేస్తే ఆమె లేవలేదు. "నేను నాలుగు రోజులుండి వస్తాను. ఆ మనిషికి చెప్పండి, వంట తానే చేసుకోవాలని" అంది.

ఇల్లు చేరేసరికి పద్మనాభన్ అరుగు మీదే ఉన్నాడు. భార్య కనబడకపోయేసరికి లేచి నిలబడ్డాడు. ఎలా చెప్పాలా అని నూకరాజు నసుగుతుంటే భ్రమరాంబే చెప్పేసింది.

"అక్కయ్యగారు విల్లియనూర్‌లో ఉన్నారండి. మీ గొడుగు కూడా అక్కడే ఉంది."

ఆయన చప్పున మళ్ళీ కూర్చున్నాడు. మార్సేలు దాకా ఓడలో వెళ్ళొచ్చిన మనిషి, పడిపోతానేమో అన్నట్టు కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. "చాలా కోపంగా ఉండాదా?" అన్నాడు మెల్లగా.

"కాసేపుందండి. తర్వాత నవ్వారు."

"నవ్విందా?" అన్నాడు. మళ్ళీ అడిగాడు, "నిజంగా నవ్విందా?"

ఆ పూట భ్రమరాంబ పెట్టిన పప్పూ అన్నం ఆయన మారుమాట లేకుండా తిన్నాడు. మర్నాడు పొద్దున్నే తెల్లచొక్కా తొడుక్కొని, రొమ్మున పటాలం పతకాలు పెట్టుకొని, పూలు కొని ఆకులో చుట్టించుకొని స్టేషనుకు వెళ్ళాడు. మూడో రోజున ఆలుమగలిద్దరూ సుబ్బరాయన్ ఎడ్లబండిలో దిగారు. బండి నిండా వంకాయలు. ఆయన బస్తా ఎత్తబోతుంటే ఆమె ఎత్తనివ్వలేదు, ఆమె ఎత్తబోతే ఆయన ఎత్తనివ్వలేదు. ఇద్దరూ వాదించుకుంటున్నంతసేపూ నాగకుమారి ఎడ్లకు వంకాయలు తినిపించింది.