ఈశాన్యంలో తెరచాప కొయ్య

కీసర దగ్గర హైవే పక్కన జగన్నాథరావు హోటల్ కట్టించాడు. దాని ముందు ఓడ నిలబెట్టాలన్న సరదా కూడా ఆయనదే. శాతవాహనుల నాణెం మీది ఓడకు అచ్చమైన నకలు, రెండు తెరచాప కొయ్యలతో. నాణెం ఫొటో ఇచ్చింది నందిగామ కాలేజీలో చరిత్ర చెప్పే యశస్విని. ఓడ కట్టింది జయరాజ్. వయసంతా విశాఖలో పడవల షెడ్డులో గడిపి నందిగామకు తిరిగొచ్చినవాడు. చేతిలో ఎంత పనితనముందో నోట్లో అంత దురుసు. తనంత వడ్రంగి జిల్లాలో లేడని అడక్కపోయినా చెప్పేవాడు.

అతనికి కావలసింది ఒక్కటే. ఓడ ముందు భాగాన 'కట్టినవాడు జయరాజ్' అని ఉండాలి. విశాఖలో కట్టినవాటన్నిటి మీదా కంపెనీ పేర్లే తప్ప అతని పేరు ఒక్కసారీ పడలేదు.

"పనోళ్ళ పేర్లు రాసుకుంటా పోతే గోడ కట్టిన మేస్త్రీ పేరూ రాయాలయ్యా" అన్నాడు జగన్నాథరావు.

"గోడ ఎవడైనా కడతాడండి. ఓడ కట్టమనండి, చూద్దాం!"

ఆ రోజు నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

ఓడ పూర్తయ్యాక, బుద్ధి లేకపోతే సరి, అప్పుడు పిలిపించాడు జగన్నాథరావు, వాస్తు చూడమని జగ్గయ్యపేట సిద్ధాంతిని. ఆయన స్థలమంతా కలియతిరిగి ఓడ ముందు కొయ్య దగ్గర ఆగిపోయాడు. ఈశాన్యం మూల అంత ఎత్తు, అంత బరువు ఉంటే యజమాని కోలుకోడని తేల్చేశాడు.

"ఆ కొయ్య కోసెయ్" అన్నాడు జగన్నాథరావు జయరాజ్‌తో.

"ఓడనే వెనక్కి జరుపుకోండి."

"జరిపితే దాని వెనక భాగం రోడ్డు మీదకొస్తది. కోసెయ్యమన్నా."

"నేను కొయ్యనండి. రెండుంటేనే అది ఆ ఓడ. ఒకటి తీస్తే ఏ ఓడా కాదు."

"నువ్వు కాకపోతే రంపం పట్టేవాడే లేడా?"

మర్నాడు జయరాజ్ వచ్చేసరికి ముందు కొయ్య మొదలంటా కోసేసి ఉంది. మిగిలిన మొద్దు మీద తులసి కుండీ పెట్టారు. పనిముట్లు సంచిలో వేసుకుని ఇంటికెళ్ళిపోయాడు.

ప్రారంభోత్సవానికి మాత్రం పిలుపొచ్చింది.

"నీ పేరు రాయించారంట. ఇన్నాళ్ళూ పేరు పేరని నన్ను చంపావుగా, పద" అంది భార్య జయమణి.

ఆశ ఎంత పాడుదంటే, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్ళాడు. ఓడ ముందు భాగాన బంగారు రంగులో తన పేరు చూసి కోసిన కొయ్యను కూడా కాసేపు మర్చిపోయాడు.

అతిథుల మధ్య నుంచి యశస్విని అడిగింది. "జగన్నాథరావుగారూ, నాణెం మీద రెండు కొయ్యలున్నాయి కదండీ. ఇంకోటి ఏదండీ?"

ఈశాన్యం సంగతి నలుగురిలో చెప్తే హోటల్‌కు చెడ్డపేరు. జగన్నాథరావు నవ్వాడు. "కట్టినోణ్ణే అడగండమ్మా. పేరు అక్కడే ఉందిగా. ఒకటి మర్చిపోయాడు పాపం."

అందరూ నవ్వారు. తన పేరు ఎందుకు రాయించారో జయరాజ్‌కి అప్పుడు అర్థమైంది. గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టడానికి పెట్టిన కత్తి అందుకున్నాడు. జగన్నాథరావు భయంతో రెండడుగులు వెనక్కేశాడు.

జయరాజ్ ఆయన వంకైనా చూడలేదు. ఓడ దగ్గరకెళ్ళి అక్షరాలు గీకడం మొదలుపెట్టాడు.

"పోలీసుల్ని పిలుస్తా!" అరిచాడు జగన్నాథరావు.

"పిలవండి. ఓడ మీదేనండి. పేరు నాది. మీ కాడ ఉండటానికి వీల్లేదు."

బంగారు రంగు పొట్టులా రాలింది. ఆఖరి అక్షరం దగ్గరకొచ్చేసరికి అతని చెయ్యి ఆడలేదు. బతుకంతా కోరుకున్నది తన చేత్తోనే చెరుపుకోవడం ఎవరి తరం? ఏడుపొచ్చేసింది.

జయమణి వచ్చి అతని చేతిలోంచి కత్తి తీసుకుంది. ఆ ఒక్క అక్షరం తనే గీకేసింది.