మేల్కొలుపు మేస్త్రి యెన్నిక

రాత్రియెల్ల కురిసి వెలిసిన వాన కాకినాడ వీధుల ధూళినంతయు కడిగి కాలువల పాలు చేసియుండగా, తూర్పు సముద్రమున అరుణబింబము నీటితెరను చీల్చుకొని పైకి వచ్చుచుండగా, కొబ్బరిమట్టల కొనల వ్రేలాడు తుదిబిందువులను తేమగాలి రాల్చుచుండగా, ముందు కాకులును పిమ్మట పాలవారును అటుపిమ్మట కుళాయిల యొద్ద బిందెలును ఒకదాని వెంట నొకటిగా మేల్కొనుచుండిన శరత్కాలపు ఆదివార ప్రభాతమది. లోకమెల్ల నిట్లు సునాయాసముగా నిద్ర లేచుచుండగా ఒక మేడమీది గదిలో వల్లూరి హైమావతి మాత్రము నిద్ర లేచుటను గూర్చియే తల బ్రద్దలు కొట్టుకొనుచుండెను.

ఈమె పాలిటెక్నిక్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ బోధించు విదుషి. సమానాభిరుచి గల మిత్రులతో గూడి తీరిక వేళలయందు శ్రమించి తెలుగున పలుకు కంప్యూటరు వ్యవస్థ నొకదానిని కూర్చి దానికి తెమ్మెర యని పేరిడెను. ఎవ్వరైనను ఉచితముగా గైకొని లోపల విప్పి చూచి తమకు వలసినట్లు దిద్దుకొనదగిన ఓపెన్ సోర్స్ వ్యవస్థ యది.

చదువరీ! పెండ్లివారింట తెల్లవారుజామున అందరికంటె ముందుగా లేచి వంటవారిని తట్టి మేళగాండ్రను తట్టి కడకు పెండ్లికొడుకును సైతము దుప్పటి లాగి లేపెడు పెద్దమ్మ యొకతె యుండును గదా. మీట నొక్కినతోడనే అట్లు మొట్టమొదట లేచి తెరను ధ్వనిని తక్కిన ప్రోగ్రాముల నెల్ల లేపునట్టి దానిని ఇనిట్ అందురు. తెమ్మెర మిత్రులకు ఆ పేరు నోట పట్టక దానిని మేస్త్రి యని పిలుచుకొనుచుండిరి.

ఇప్పుడు ఆ మేస్త్రిని మార్చవలసివచ్చినది. ఉన్న పాతమేస్త్రిని అమలాపురపు బ్యాంకు ఉద్యోగియగు బొండాడ సత్తిరాజు ఏండ్ల తరబడి స్వహస్తముతో వ్రాసి పెంచెను. ఆ మేస్త్రి యొకని లేపి వాడు ముఖము కడుగుకొనువరకు నిలిచి ఆ పిమ్మటనే రెండవవాని యొద్దకు పోవు నిదానస్థుడు. కొత్తమేస్త్రి దేశదేశముల ఖ్యాతి గన్నవాడు. అందరిని ఒక్క కేకతో లేపును. ఇక చిన్నమేస్త్రి యను మూడవవాడొకడు కలడు. లేపినవాని ప్రక్కనే కాపుండి మరల కునికెనేని మరల లేపుట వాని పని. వేగమున మేటి గాడు, తమవాడును గాడు. కావున పాపము వానివంక కన్నెత్తి చూచినవారు లేరు.

హైమావతి కొత్తమేస్త్రినే ప్రతిపాదించి ప్రయోగార్థము దాని ప్రతిని మిత్రులకెల్ల పంపియుండెను. ఆ బృందమున అనాదిగా ఒక ఆచారము కలదు: గడువులోపల ఆక్షేపణము తెలుపనివారందరును సమ్మతించినట్లే లెక్క. ఉత్తరప్రత్యుత్తరములకు ఓపిక లేని పనివారు కల్పించుకొన్న సులభమార్గమది. మిత్రులందరును గడియారములు చేతబట్టి మీట నొక్కి పేరడుగు తెర ఎంత శీఘ్రముగా ప్రత్యక్షమగునో చూచి ఆహా యని మెచ్చుకొనిరి. నేటి సూర్యాస్తమయముతో గడువు ముగియును. అట్లయ్యును ఆమె మనస్సున ఏదియో వెలితి ముల్లువలె గ్రుచ్చుచుండెను.

అంతలో ఫోను మ్రోగెను. సత్తిరాజు.

“ఏమండీ హైమావతిగారూ, సాయంత్రానికి మావాడికి పదవీ విరమణేనా?”

“అడ్డు చెప్పండి మరి. ఇంకా పొద్దుంది కదా.”

“ఎందుకులెండి! కొత్తవాడి దూకుడు చూసి నాకే నోట మాట రాలేదు. ఎవ్వరూ కిక్కురుమనలేదు కూడా. దక్షిణామూర్తిగారంతటి ఆయనే ఊరుకున్నారంటే ఇంక అడ్డేముంది?”

హైమావతి దిగ్గున లేచి నిలిచెను. ముల్లు దొరికినది.

ముక్కామల దక్షిణామూర్తి పిఠాపురమున చరిత్ర బోధించు ఉపన్యాసకుడు, పుట్టుగ్రుడ్డి. తెమ్మెర పలుకు ప్రతి తెలుగుమాటయు ఆయన కూర్చినదే. తెరమీది అక్షరములను చదివి వినిపించు కంఠమొకటి ఆ వ్యవస్థలో కలదు. దాని నాలకించుచు ఆయన మనవలెనే వ్రాయును, దిద్దును, పరిహసించును. ఎవ్వరైన ఒక కామా తప్పు పెట్టిరేని మూడు చమత్కారములు వ్రాసి పంపక నిద్రపోని మహానుభావుడు. అట్టివాడు మేస్త్రియే మారుచుండగా ఒక్క పలుకైనను పలుకకుండుటయా! ఆమె తక్షణమే ఆయనకు ఫోను చేసెను. “ఏం లేదమ్మా, కాస్త ఒంట్లో నలతగా ఉంది” అని ఆయన ముక్తసరిగా పలికి ఫోను పెట్టివైచెను. ఆ గొంతులో నలత ఏ కోశానను లేదు. హైమావతి కాఫీయైనను త్రాగక పిఠాపురము బస్సెక్కెను.

ఆమె పోవునప్పటికి దక్షిణామూర్తి తన గదిలో నిశ్శబ్దమైన యంత్రము నెదుట చేతులు కట్టుకొని కూర్చుండియుండెను. తెరమీద గుడ్డ కప్పియుండెను. ఆయనకు తెరతో పనియేమి?

“నలత మీకాండీ, దీనికా?” అని ఆమె గుమ్మముననే అడిగెను.

ఆయన నవ్వెను గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు. “పట్టేశారు. మీ కొత్తవాడు కాలు పెట్టిన దగ్గర్నుంచి ఇది నాతో మాట్లాడ్డం మానేసిందమ్మా. మీట నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతుంది, అంతే. ఉన్నావా, ఉన్నావా అని నేనే పిలుస్తూ కూర్చుంటున్నాను. ఇంట్లోవాళ్లు నవ్వుకుంటున్నారు.”

“మరి ఒక్క మాట నాకు చెప్పకూడదా?”

“సత్తిరాజుగారు ఫోను చేసి అందరూ మెచ్చుకుంటున్నారని ఒకటే సంబరం. ప్రతిసారీ నా ఒక్కడి కోసం బండి ఆపమనడానికి మొహం చెల్లలేదు. రేపు దీన్ని తీయించేసి వేరేది ఏదైనా పెట్టించుకుందామనుకున్నాను. నేను రాసిన మాటలు నాకే వినపడని చోట నాకేం పనమ్మా?”

ఆమె గుడ్డ తొలగించి మీట నొక్కెను. కనురెప్పపాటున తెర వెలిగెను. పేరు చెప్పుడని వెలుగు నక్షరములతో అడుగుచు నిలిచెను. “అయ్యో దక్షిణామూర్తిగారూ, ఇది లేచే ఉందండీ!” అని ఆమె వాపోయెను.

జరిగినదేమనగా కొత్తమేస్త్రి కేకకు అందరును ఒక్కుమ్మడిగా లేచిరి. ధ్వనియంత్రము కన్నులు నులుముకొనులోపలనే చదువు కంఠము మున్ముందుగా లేచి పలుకుటకు దారి కానక మరల పండుకొనెను. దాని నింకొకమారు లేపుమని మేస్త్రికి చెప్పియుండినచో లేపెడివాడే. చెప్పవలసిన హైమావతి చెప్పలేదు. ఏలయన ఆమెకు కన్నులున్నవి. తెర వెలుగుటయే ఆమెకు మేల్కొనుట. పలుకని యంత్రము నెదుట కూర్చుండి పిలిచి పిలిచి వేసారిన మిత్రుని మౌనమును తాను సమ్మతిక్రింద జమకట్టుకొంటిని గదా యని ఆమెకు కన్నీరాగలేదు.

“మేమంతా గడియారాలు పట్టుకుని తెర వంక చూశామండీ. ఒక్కరం కూడా చెవి పెట్టలేదు. తప్పయిపోయింది.”

“ఏడవకండి. నేను నోరు విప్పకపోవడం మాత్రం ఒప్పా?” అని ఆయన తడుముకొని మంచినీళ్ల చెంబు ఆమె వైపు జరిపెను.

హైమావతి ఎందుకైన మంచిదని వెంట తెచ్చిన పాతప్రతిని యంత్రమున నిలిపెను. పాతమేస్త్రి తన సహజమాంద్యముతో ఒక్కొక్కరినే లేపుచు లేపుచు కడపట కంఠమును లేపెను. “మేలుకొన్నాను. చెప్పండి” అని యంత్రము పలికెను. ఆ మాటయు దక్షిణామూర్తి కూర్చినదే. “వచ్చావా తల్లీ!” అని ఆయన మీటల మీదికి వంగి, సూర్యుడింకను గొబ్బరితోపుల మీద నుండగనే, నాకు సమ్మతము లేదని వ్రాసి హేతువును వివరించి బృందమునకు పంపెను.

పాతమేస్త్రి గెలిచెనని సత్తిరాజు చంకలు కొట్టుకొనునని హైమావతి తలచెను. ఆయన అట్లు చేయలేదు. ఆ రాత్రియే తన యంత్రపు తెరమీద తువ్వాలు కప్పి, కన్నులు మూసికొని, ముగ్గురు మేస్త్రులను ఒకరి తరువాత నొకరిని పరీక్షింపసాగెను. తక్కిన మిత్రులును అట్లే చేసిరి. నడుమ కంఠమునకేదేని యాపద వచ్చెనేని పాతమేస్త్రియు వెనుదిరిగి చూడడని సత్తిరాజే కనిపెట్టి బయటపెట్టెను. “మావాడికీ ఆ బుద్ధి లేదండీ. నేను నేర్పలేదు” అని ఆయన తానే ఒప్పుకొనెను. ఎవ్వరును అడుగకయే, కావలియుండు చిన్నమేస్త్రి నెన్నుకొందమని ప్రతిపాదించినవాడును ఆయనయే. పాత ఆచారమును గూడ హైమావతి కొట్టివైచెను: ఇకమీదట ప్రతివాడును తన నోట చెప్పవలెను, చెప్పనివానిని వెదకికొని పోయి అడుగవలెను.

కార్తికమాసపు ఒక సాయంకాలమున వారందరును దక్షిణామూర్తి గదిలో చేరిరి. తెరమీద సత్తిరాజు తువ్వాలు కప్పెను. ఆయనే మీట నొక్కి, కంఠము లేచినతోడనే పరీక్షార్థము దానిని బలవంతముగా పడగొట్టెను. గది నిశ్శబ్దమయ్యెను. ఫ్యాను తిరుగుచుండెను. లోపల చీకటిలో చిన్నమేస్త్రి తన పని తాను చేసికొనుచుండెను.

“మేలుకొన్నాను. చెప్పండి.”

యంత్రము అడిగినది దక్షిణామూర్తినే యైనట్లు అందరును ఆయనవంక చూచిరి. ఆయన మీటలమీద చేయి యుంచి కొంతసేపు ఏమియు పలుకలేదు. పూర్వమువలె ఆ మౌనమును ఎవ్వరును లెక్క కట్టుకొనలేదు. హైమావతి నిలిచి వేచియుండెను.

“ఇప్పుడు రాసుకోండమ్మా. నాకు సమ్మతమే” అని ఆయన పలికెను.

ఆ సంతోషమున కాఫీలు వచ్చినవి, చమత్కారములు మొదలైనవి, దీపములు పెట్టు వేళయు దాటెను. తెరమీది తువ్వాలు తీయవలెనని మాత్రము ఎవ్వరికిని తోచలేదు.