గ్రేస్ మార్కుల వాన

నేను ఒక వర్షమాపకాన్ని. ఆ పేరుకు ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు. 'వాన గ్లాసు' అంటారు. ఖాళీగా నిలబడి ఎదురుచూడటమే నా ఉద్యోగం. ఖాళీని చూస్తే మనుషులకు భయమని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

హైదరాబాదు శివారులో ఒక అచ్చులో పుట్టాను. ఏదో కార్యాలయంలో బీరువా మీద ఆరేళ్లు గుండుసూదులు మోశాను. చివరికి షంషాద్ టీచరమ్మ అడిగి తెచ్చుకుని, కదిరి దగ్గరి ఒక ఊరి బడి ఆవరణలో నిలబెట్టింది. ఆదివారాలు అక్కడ పెద్దవాళ్లకు పాఠం చెప్పేది. తొలి జల్లుకే వేరుశనగ విత్తడం, మొలక వాడితే మరో బోరు వేయడం, ఆ బోరూ ఎండిపోవడం ఆ ఊరి అలవాటు. విత్తేముందు నన్ను చూడమనేది ఆమె.

"ఈ నేలకు ముప్పై అయిదు మిల్లీమీటర్లన్నా పడాల" అంది ఒకసారి.

"అంటే పాస్ మార్కులే గదా టీచరమ్మా" అన్నాడు పాఠానికొచ్చిన రైతు ఓబిలేసు.

ఇక ఆ ఊళ్ళో వాన పాసవడమో ఫెయిలవడమో తప్ప, ఊరికే పడటం మానేసింది. టీచరమ్మ దిద్దబోయి, నవ్వి ఊరుకుంది.

ఆ ఏడు ఓబిలేసు వాళ్ల అన్న కూతురు గంగులమ్మ దగ్గర ఒక్కసారి విత్తడానికే గింజలున్నాయి. అవి ఎండితే ఆ ఏటికి సేద్యం లేదు. జూన్‌లో ఒక సాయంత్రం వాన కురిసింది. తెల్లారి అందరికంటే ముందు ఓబిలేసు వచ్చి చూశాడు. ఇరవై రెండు. అటూ ఇటూ చూసి, చెంబుతో నాలో నీళ్లు పోశాడు. ముప్పై ఆరు. నేను అబద్ధమాడటం అదే మొదటిసారి. ఒళ్లంతా బరువనిపించింది.

గంగులమ్మ వచ్చి చూసింది. సంబరపడలేదు. గ్లాసును చూశాక నేలనూ చూడాలన్న టీచరమ్మ పాఠం ఆమెకు గుర్తుంది. చేనుకు పోయి, జానెడు లోతున తవ్విన మట్టి గుప్పెట్లో పట్టుకొచ్చింది. ఓబిలేసు ముందు గుప్పెట తెరిస్తే దుమ్ము.

"చిన్నాయనా, నీళ్లు పోస్తివా?"

"ఇరవై రెండే ఉండె. పాపం, పదమూడు మార్కులకు ఫెయిలాయ గదమ్మా. గ్రేస్ మార్కులు వేస్తి."

"గ్లాసుకు వేస్తివి సరే. చేనుకు ఎవరేస్తారు?"

నన్ను వంచి నీళ్లు పారబోసి, బడి బోర్డు మీద సుద్దముక్కతో 22 అని రాసింది. విత్తలేదు. పొద్దున్నే రావడం, నన్ను చూడటం, వెళ్లిపోవడం. అలా పద్దెనిమిది రోజులు. ఖాళీని అంత నిబ్బరంగా చూసిన మనిషిని నేను మరొకరిని ఎరగను.

పంతొమ్మిదో నాడు నలభై ఒకటి. ఈసారి ఆమె గుప్పెట్లోని మట్టి ఉండ కట్టింది. మధ్యాహ్నానికి విత్తనాల మూట విప్పారు. చేను నిండా మొలిచింది.

ఇప్పుడు ఓబిలేసే నాకు కాపలా. కాళ్లు కడుక్కోవడానికైనా సరే, చెంబు పట్టుకున్న మనిషిని బడి గేటు దాటనివ్వడు.