కలువ కాయ

"బాల్కనీలో ఆ కంపు తొట్టి ఖాళీ చేయించేశాను," అన్నాడు సుధీంద్ర, గారెల పిండి రుబ్బుతున్న భార్య వెనక నిలబడి.

ఇంద్రజ మిక్సీ ఆపి బాల్కనీలోకి పరిగెత్తింది. తొట్టి బోర్లించి ఉంది. గచ్చు శుభ్రంగా కడిగేశారు.

రెండేళ్ల పని అది. రెండు రకాల కలువల్ని కలపాలని ఆమె పంతం. విచ్చుకున్న మొదటి రోజే పువ్వు పుప్పొడి అందుకుంటుంది, మర్నాటి నుంచి తనే రాలుస్తుంది. ఆ పూట తప్పితే మళ్లీ ఇంకో పువ్వు కోసం ఎదురుచూపే. ఆ పూటల్లోనే టిఫిన్ ఆలస్యమైందని అత్తగారు, సాక్సులు కనబడవని మొగుడు. ఈసారి ఉప్మా మాడితే మాడనీ అని కుంచెతో పుప్పొడి అద్దింది. కాడ మెలితిరిగి కాయని నీళ్లలోకి లాక్కుంది. గింజలు తేలిపోకుండా దానికి పల్చటి గుడ్డసంచి కట్టింది.

"కుళ్లి మునిగిపోయిందమ్మా. నేనే తీసేయమన్నాను," అంది అత్తగారు అన్నపూర్ణేశ్వరి.

"కలువ కాయ నీళ్లలోనే పండుతుందని ఎన్నిసార్లు చెప్పాను, అత్తయ్యా?"

"ఓ మొక్కకి ఇంత రాద్ధాంతమా? ఇంకోటి కొనిస్తాలే," అన్నాడు సుధీంద్ర. "మా డైరెక్టర్ గారొచ్చే వేళైంది. మొహం కడుక్కో."

అంతలోనే బెల్ మోగింది. డైరెక్టర్ భీమేశ్వరరావు సోఫాలో కూర్చుంటూ, "మీరేం చేస్తుంటారమ్మా?" అనడిగాడు.

"ఇంట్లోనే సార్. కాలక్షేపానికి యూనివర్సిటీకి వెళ్లొస్తుంటుంది," అన్నాడు సుధీంద్ర.

ఇంద్రజకి ఒళ్లు మండిపోయింది.

"బోటనీలో పీహెచ్‌డీ చేశానండీ. కలువల మీద పరిశోధన. ఆ పనినే ఇందాక ఈయన చెత్తలో పోయించారు."

"జోక్ చేస్తోంది సార్," అని నవ్వాడు సుధీంద్ర.

"జోక్ కాదు. పిండి రుబ్బి ఉంది. గారెలు మీరు వేసి పెట్టండి."

నీళ్ల సీసా పట్టుకుని కిందికి దిగింది. సొసైటీ చెత్తకుండీలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతుకుతుంటే, "క్యా ఖో గయా మేడమ్?" ఏం పోయిందని అడిగాడు గార్డు. కూరల తొక్కుల కింద గుడ్డసంచి దొరికింది. కాయ చితికింది గానీ, జిగురులో గింజలు బతికే ఉన్నాయి. ఎండకముందే వాటిని సీసాలో వేసుకుంది.

"ఇంద్రజా! సార్ వెయిట్ చేస్తున్నారు!" పైనుంచి కేకేశాడు సుధీంద్ర.

ఆమె తలెత్తకుండా ఆటో ఎక్కింది. గింజల్ని యూనివర్సిటీ ల్యాబ్‌లో నీళ్లలో భద్రం చేసి, అటునుంచటే పక్కనున్న బేర్ సరాయ్ బస్తీకి నడిచింది. టు-లెట్ బోర్డున్న తలుపు తట్టింది.

"ఎంతమంది ఉంటారు?" అంది ఇంటావిడ హిందీలో.

"నేనొక్కదాన్నే, దీదీ."