తలసరి పాఠం

కాట్రేనికోన రొయ్యల షెడ్డులో పని తెల్లారగానే మొదలయ్యేది. ఆడవాళ్ళు వరసగా పీటలేసుకుని, ఐసులోంచి రొయ్య తీసి, తల తుంచి, పొట్టు ఒలిచి తట్టలో వేసేవారు. అప్పలమ్మ పక్కన పదో తరగతి చదివే కూతురు అమ్ములు కూర్చునేది. బడి వేళకి చేతులు నిమ్మచెక్కతో రుద్దుకుని పరిగెత్తేది.

అమ్ములు వేళ్ళకి రొయ్య తగిలితే చాలు, దాన్ని ఎవరు తింటారో తెలిసిపోయేది. షెడ్డులో వాళ్ళకి అదో కాలక్షేపం.

“ఇదెక్కడికే అమ్ములూ?” అనేది పక్క పీట బుచ్చమ్మ.

“జపానంట పిన్నీ. చిన్నపిల్లాడు. జొరం తగ్గి ఇప్పుడే ఆకలేస్తందంట.”

“పాపం, తిననీ,” అని బుచ్చమ్మ ఇంకోటి అందుకునేది.

అది తొంభై మూడో సంవత్సరం. ఊరి చుట్టూ వరిచేలు రొయ్యల చెరువులైపోయేయి. నూతుల్లో నీళ్ళు ఉప్పెక్కేయి.

సోషల్ చెప్పే భవానీదేవి అమలాపురం నుంచి బస్సులో వచ్చేది. ఒకరోజు ప్రపంచపటం గోడకి తగిలించి, అభివృద్ధి చెందిన దేశాలూ, చెందుతున్న దేశాలూ పాఠం మొదలెట్టింది. దేశం సంపాదనంతా జనాభాతో భాగిస్తే వచ్చేది తలసరి ఆదాయమని చెప్పి, కర్రతో జపాను చూపించింది.

“వీళ్ళది మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ ఎవరికీ ఏ లోటూ ఉండదు.”

“ఉంటదండీ,” అని అమ్ములు లేచింది. “పొద్దున్న నేనొలిచిన రొయ్య అక్కడో ముసలామె తింటదండీ. ఒక్కత్తే ఉంటదండీ. రెండు తిని, మిగతావి రేపటికి దాచుకుంటదండీ.”

క్లాసులో ఎవరూ నవ్వలేదు. భవానీదేవి పుస్తకం మూసింది. “ఇంకేం తెలుసమ్మా?”

“తెలవనిదొకటుందండీ. తలసరి అన్నప్పుడు చెరువుల బంగారరాజుగారినీ మా అమ్మనీ కలిపే భాగిస్తారాండీ?”

“కలిపే భాగిస్తారు.”

“మరి మా అమ్మ వాటా ఎక్కడుందండీ?”

భవానీదేవి కర్ర బల్ల మీద పెట్టేసింది. “నాకు తెలీదమ్మా. అందరం కలిసి వెతుకుదాం,” అంది.

పుస్తకంలో రెండు పేజీల పాఠం ఆ ఏడు పదిహేను రోజులు నడిచింది. మంచినీళ్ళకి ఎవరు ఎంత దూరం వెళ్తున్నారో, చెరువులు రాకముందు ఎవరు ఎవరి చేలో వరినాట్లు ఊడ్చేవారో పిల్లలు ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చేరు. అందరికన్నా ఎక్కువ రాసింది అమ్ములే.

వేసవిలో ఫలితాలొచ్చేయి. బడి మొత్తానికి అమ్ములు రెండోది. ఆ వారమే బంగారరాజు వాళ్ళింటికొచ్చి, అమ్ములు తండ్రి ముత్యాలరాజుని పిలిచేడు.

“పిల్లని కాకినాడ ఫ్యాక్టరీకి పంపు ముత్యాలూ. ఏ పెట్టె ఏ దేశానికో దాని వేళ్ళే చెప్పేస్తాయి. తిండీ బట్టా అక్కడే.”

వలల్లో ఏమీ పడని కాలమది. ముత్యాలరాజు తలూపేడు. అమ్ములు గుమ్మం పట్టుకుని నిలబడింది. అప్పలమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది.

ప్రయాణం సోమవారం. ముందురోజు పొద్దున్న అమ్ములు ఆఖరిసారి తల్లితో షెడ్డుకొచ్చింది. పని సగంలో ఒక రొయ్య పట్టుకుని ఆగిపోయింది.

“ఎక్కడికే?” అంది అప్పలమ్మ.

“అమలాపురం.”

“ఎవరు తింటారు?”

“నేనే అమ్మా. ఇవాళే. భవానీ టీచరుగారింట్లో. కంచం పక్కన కాలేజీ అప్లికేషనుంది. నా పేరు రాసుంది.”

అప్పలమ్మ చేతులు కడుక్కుని లేచింది. మేస్త్రీని అడిగి ఆ రొయ్యతో పాటు ఇంకో దోసెడు తీసుకుంది. సత్తుగిన్నెలో ఐసుముక్కల మధ్య పెట్టి, ఇంటికెళ్ళి మొగుడి చేతికిచ్చి సంగతి చెప్పింది. ముత్యాలరాజు కూతురి మొహం చూసేడు. ఆ వేళ్ళు ఇంతవరకూ తప్పు చెప్పలేదు. చొక్కా మార్చుకుని కూతురితో బస్సెక్కేడు.

భవానీదేవి ఇంట్లో అత్తగారు బుల్లెమ్మ మాటే మాట. చేపలు తెచ్చేవాళ్ళు పెరటి గుమ్మం దాటరు. తండ్రీకూతుళ్ళు అక్కడే నిలబడ్డారు. బుల్లెమ్మ నూతి దగ్గర కొబ్బరీనెలు చీరుతోంది.

“మా పిల్ల ఇవాళ మీ ఇంట్లో భోంచేస్తదంటండీ టీచరుగారూ,” అన్నాడు ముత్యాలరాజు గిన్నె చాపి. “కాలేజీ కాయితం మీరే రాస్తారంటండీ.”

భవానీదేవి గిన్నె అందుకుంది. ఆ అప్లికేషను పరీక్షలప్పుడే తెచ్చి పుస్తకంలో దాచుకుంది. పిల్లని ఎక్కడ ఉంచాలో తేలక, అత్తగారిని అడిగే ధైర్యం లేక, బయటకి తీయలేదు.

“లోపలికి రా అమ్మా,” అంది గట్టిగా, వెనక్కి చూడకుండా. “మీరూ రండి ముత్యాలరాజుగారూ.”

ఈనెలు చీరే చప్పుడు ఆగిపోయింది.

భవానీదేవి వంట చేసింది. కంచాలు పెట్టింది. పక్కనే కూర్చుని అప్లికేషను మీద అమ్ములు పేరు రాయసాగింది. అమ్ములు తల వంచుకుని చూస్తోంది. తినేవాళ్ళు తెలుస్తారు గానీ వడ్డించేవాళ్ళు ఆ వేళ్ళకి తెలియరు. అందుకే కంచంలోకి గరిటె వచ్చినప్పుడు ఉలిక్కిపడి తలెత్తింది.

బుల్లెమ్మ వంగి కూర వేస్తోంది.

“కలుపుకో. అన్నం చల్లారిపోతోంది,” అంది. తర్వాత కోడలి వైపు తిరిగింది. “కాట్రేనికోన నుంచి రోజూ బస్సుల్లో తిరిగితే ఈ పిల్ల ఏం చదువుతుందే? వీధిగది ఖాళీ చేయించు.”