పత్తికట్టె ఎవరూ వాడరు

“నీ రాత బాగుంటుంది, కాస్త ఇవి పూర్తి చేసిపెట్టు” అంటూ మా ఆయన కోటేష్ ఫారాల కట్ట వంటింటి గట్టు మీద పెట్టారు. కూరలో ఉప్పు గురించి తప్ప నోరు విప్పని మనిషి నన్ను మెచ్చుకున్నారంటే పని పడిందని అర్థం.

పోయినేడూ నేనే పూర్తి చేశాను. పత్తికట్టెతో కరెంటు తీసే ఫ్యాక్టరీ అప్పుడే వచ్చింది. బొగ్గు కాల్చక్కర్లేదు, గాలికి మేలు అని వాళ్లు చెబితే డిగ్రీ చదివిన నాకూ ముచ్చటేసింది. కట్టె తోలే ఏజెన్సీ మా ఆయనకొచ్చింది. ఫ్యాక్టరీవాళ్లిచ్చిన ఫారంలో ఒక ప్రశ్న: పత్తి తీశాక కట్టెను ఎవరు వాడుతున్నారు? అక్కడ నా పెన్ను ఆగింది. ఆఖరి పత్తి తీశాక కూలి ఆడవాళ్లే కట్టె పీకి చేను శుభ్రం చేస్తారు. దానికి కూలి ఇవ్వం, పీకినవాళ్లదే కట్టె. ఏడాదంతా వాళ్ల పొయ్యిలోకి అదే. “మన చేలో కూలికొచ్చే మహిమ వాళ్లు వాడతారుగా?” అన్నాను. “వాళ్లదీ ఒక వాడకమేనా? ఎవరూ వాడరు, చేలోనే తగలబెడతారని రాయి. ఎవరైనా వాడుతున్నారంటే ఫ్యాక్టరీవాళ్లు మనూరి కట్టె తీసుకోరు” అన్నారు. రాశాను. ఎదురుచెబితే నాలుగు రోజులు మొహం మాడ్చుకు తిరుగుతారు, దానికన్నా రాయడం తేలిక. పిరికితనం తప్ప దానికి ఇంకో పేరు లేదు.

ఈ ఏడు కట్టె ట్రాక్టర్లెక్కి పోయింది. మహిమ వాళ్లు పొయ్యిలోకి సర్కారుతుమ్మ ముళ్లకంప నరుక్కుంటున్నారు. నిన్న మా మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ మహిమ మాటిమాటికీ చేయి విదిలించుకుంటోంది. ముళ్లు దిగి వాచిన వేళ్లకు కారం తగులుతోంది. గ్యాస్ పొయ్యి మీద కాచిన టీ ఇస్తూ “మంటగా ఉందా?” అని అడిగాను. “అలవాటేలే అమ్మా” అంది. సిగ్గేసి గబగబా ఇంట్లోకి వచ్చేశాను.

ఇప్పుడు మళ్లీ అదే ప్రశ్న.

“పోయినేడు రాసినట్టే రాసెయ్” అన్నారాయన చొక్కా తొడుక్కుంటూ.

“ఈసారి వాడేవాళ్ల పేర్లు రాస్తున్నాను.”

“ఏజెన్సీ పోద్ది, తెలుసా?”

“తెలుసు.”

ఆయన అరుస్తూనే ఉన్నారు. నేను గడిలో మహిమ అని రాసి ఆగిపోయాను. ఇంటిపేరు కూడా కావాలట. పన్నెండేళ్లుగా మా చేలో పనిచేస్తున్న మనిషి ఇంటిపేరు నాకు తెలియదు. ఫారం పట్టుకుని కల్లానికి వెళ్లాను.

“మహిమా, నీ ఇంటిపేరేంటి?”

నా చేతిలో కాగితం చూసి ఆమె గబుక్కున లేచి నిలబడింది.

“కేసు పెడతారా అమ్మా? మీ చేలో కట్టె ఒక్క మోపే తీసుకున్నా. పొద్దున్నే తెచ్చి పడేస్తా.”