నాగరత్నమ్మ తర్జుమా

బొంతపల్లి ఫ్యాక్టరీల వెనక ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని నడుపుకుంటున్న సంఘం మాది. ఆడవాళ్లు తల మీద కొంగు కప్పుకుని ఎడమ పక్క కూర్చుంటారు, మగవాళ్లం కుడి పక్క. సంఘంలో ఆడవాళ్లు బోధించకూడదని మా నియమం. బైబిలు వాక్యం చెప్పింది కాబట్టి పాటిస్తాం. ఎవరైనా నవ్వితే నవ్వుకోనిస్తాం. నేను సంఘ పెద్దల్లో ఒకణ్ణి.

మా పాస్టరు జక్కరయ్య గారిది ఒంగోలు వైపు. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లయినా ఆయన హిందీ "పానీ" దగ్గరే ఆగిపోయింది. జార్ఖండ్ నుంచి పనికొచ్చిన విశ్వాసులు ఆదివారాలు మా షెడ్డుకు రావడం మొదలయ్యాక తర్జుమా అవసరమైంది. కొన్నాళ్లు వెంకట సాయి చేశాడు. అతన్ని కంపెనీ వాళ్లు గుజరాత్‌కు బదిలీ చేశారు. ఇప్పుడెవరు చేస్తారని పాస్టరు గారు అడిగితే మగవాళ్లందరం నేల చూపులు చూశాం. కూరగాయల బేరం దగ్గర, సూపర్‌వైజర్‌తో గొడవ దగ్గర గడగడా హిందీ మాట్లాడేవాళ్లమే. ముందుకొచ్చి నిలబడమనేసరికి అందరిదీ ఉత్త బజారు హిందీ అయిపోయింది.

ఇక మిగిలింది నాగరత్నమ్మ. భర్త పోయాక ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టిఫిన్ బండి పెట్టుకుంది. కూలీలకు ఇడ్లీ వడ్డిస్తూ హిందీ నేర్చుకుంది. ఆడమనిషి తర్జుమా చేస్తే అది బోధ కిందికి వస్తుందా రాదా అని పెద్దలం తలలు బద్దలు కొట్టుకుని చివరికి తేల్చాం. ఆమె వేదిక ఎక్కకూడదు, కిందే నిలబడాలి. పాస్టరు గారి మాటకు ఏదీ కలపకూడదు, అందులోంచి ఏదీ తీసేయకూడదు.

"నా మాట ఎందుకుంటదయ్యా అండ్ల? నాకే భయం," అంది నాగరత్నమ్మ. ఆ నియమం మీద మాకంటే ఆమెకే నమ్మకం ఎక్కువ. అన్నట్టే చేసింది. పాస్టరు గారి దగ్గు తప్ప అన్నీ హిందీలోకి వచ్చేవి.

ఈ మధ్య సుమంతి అనే జార్ఖండ్ అమ్మాయి పగిలిన పెదవితో ఆమె బండి దగ్గరికి వచ్చింది. మొగుడు అనూప్ కొట్టాడు. అది మొదటిసారి కాదు. నాగరత్నమ్మ ఆమెను తన గదిలో పెట్టుకుంది. మర్నాడు అనూప్ వచ్చి, నా భార్యను పంపించండని పాస్టరు గారి కాళ్ల మీద పడి ఏడ్చాడు. వాళ్లిద్దరి మధ్య మాట అందించింది నేనే. జక్కరయ్య గారు మెత్తని మనిషి. ఎదుటివాడు ఏడిస్తే ముందు ఆయన కళ్లే తడుస్తాయి.

"ఆదివారం ఇద్దరూ రండి. వాక్యం ఏం చెబితే అది చేద్దాం," అన్నారు.

సుమంతి కూడా ఒప్పుకుంది. వాక్యం వెళ్లమంటే వెళ్తానంది. ఆదివారం బట్టల సంచీ సర్దుకునే వచ్చింది. దాన్ని గుమ్మం దగ్గర చెప్పుల పక్కన పెట్టి లోపల కూర్చుంది. నాగరత్నమ్మ ఆ సంచీని చూసింది.

పాస్టరు గారు భార్య భర్తకు లోబడి ఉండాలన్న భాగం తీసి చదివారు. నాగరత్నమ్మ హిందీలో చెప్పింది. సంఘానికి క్రీస్తు ఎలాగో భార్యకు భర్త అలా శిరస్సు అన్నారు. అదీ చెప్పింది. ఆయన గ్రంథం మూశారు.

"కాబట్టి సుమంతమ్మా, నువ్వు ఇవాళే నీ ఇంటికి వెళ్లాలి."

నాగరత్నమ్మ నోరు విప్పలేదు.

వినబడలేదేమోనని ఆయన మళ్లీ అన్నారు. ఆమె నేల వైపు చూస్తూ కొంగు సరిచేసుకుంది. "చెప్పండి నాగరత్నమ్మ గారూ," అన్నారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాకు ఒళ్లు మండింది. ఇందుకే ఆడవాళ్లను ముందు నిలబెట్టకూడదని లేచి అనబోయాను. కానీ ఏమని గద్దించాలి? ఆడమనిషి మాట్లాడితే ఆపడానికి మా దగ్గర నియమం ఉంది. మాట్లాడకపోతే మాట్లాడించడానికి ఏ నియమమూ లేదు.

పాస్టరు గారు మగవాళ్ల వైపు తిరిగారు. "ఎవరైనా చెప్పండయ్యా. ఒక్క మాటే కదా!"

నిజమే, ఒక్క మాటే. ఇంటికి పొమ్మని హిందీలో చెప్పడం మాలో రానివాడు లేడు. అనూప్ ఆశగా నా వైపు చూశాడు. నేను సుమంతి వైపు చూశాను. తెలుగు రాని పిల్ల, తన సంగతి ఏం తేలిందోనని వాచిన పెదవితో మా ముఖాలు ఒక్కొక్కటే వెతుక్కుంటోంది. ఆ మాట నా నోటి నుంచి రాలేదు. మగవాళ్లందరం తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నాం.

జక్కరయ్య గారు మెత్తనివాడు, మొండివాడు కాదు. గ్రంథం మళ్లీ తెరిచారు. ఆపిన చోటు నుంచి చదివారు. భర్త తన భార్యను సొంత ఒంటిలా ప్రేమించాలని, తన ఒంటిని తాను ద్వేషించుకునేవాడు ఎక్కడా ఉండడని. మా పెళ్లిళ్లన్నిట్లో చదివే మాటలే. బిర్యానీ వాసన వస్తుండగా సగం చెవితో వినేవాళ్లం.

నాగరత్నమ్మ తలెత్తింది. బయట రోడ్డు మీద లారీలు పోతున్నా చివరి వరసకు వినబడేలా హిందీలో చెప్పింది.

"అనూప్, నీ పెదవి నువ్వే పగలగొట్టుకుంటావా?" అని అడిగారు పాస్టరు గారు. ఆయన గొంతు వణికింది. ఆమెది వణకలేదు. అనూప్ తల దించుకున్నాడు.

"నువ్వు మారావని సంఘం నమ్మాలి. అప్పటిదాకా ఈ అమ్మాయి నాగరత్నమ్మ గారి దగ్గరే ఉంటుంది."

అది చెప్పేటప్పుడు మాత్రం నాగరత్నమ్మ కళ్లు తుడుచుకుంది. సుమంతి మోకాళ్లలో ముఖం దాచుకుని ఏడ్చింది.

ఆరాధన అయ్యాక నేను బయటికి వెళ్లి నిలదీశాను. పెద్దరికం ఊరికే ఉండనివ్వదు కదా!

"ఏంది నాగరత్నమ్మా, అయ్యగారి మాట ఇడిసిపెట్టినవ్? కలపొద్దు, తీసెయ్యొద్దు అనుకున్నం గద."

ఆమె సుమంతి సంచీని స్కూటీ ముందు పెట్టుకుంటూ నా వంక చూసింది.

"నేనేం ఇడిసిపెట్టలేదన్నా. అయ్యగారు సదువుడు ఇంక అయిపోలే అనుకున్న. అందుకే ఆగిన."